టోకెన్ నంబరు 26 ఎవరిది?

(హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరిగిన లినక్స్ శిక్షణ శిబిరంలో ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి మైకు వినపడుతోందా? సరే.

కబుర్లు తర్వాత చెప్పుకుందాం, ముందు ఒక చిన్న తమాషా చూపిస్తాను. ఈ హార్డ్‌డిస్కు మా పాత సర్వర్‌లోది. ఆ సర్వర్‌లో సెంటోస్ నడుస్తుంది, అంటే లినక్స్‌లో రెడ్‌హ్యాట్ కుటుంబం. డిస్కులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫోల్డర్ ఒకటి ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది డెబియన్, లినక్స్‌లోనే ఇంకో కుటుంబం. డిస్కు తగిలించాను, మౌంట్ చేశాను, ఇప్పుడు ఫైళ్ల వివరాలు చూపించే ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడుతున్నాను. ఓనర్ దగ్గర ఏం కనిపిస్తోంది? అవును, ఉత్త 26. పేరు లేదు. దాని పక్కన గ్రూపు దగ్గర? కాస్త గట్టిగా చెప్పండి. టేప్!

ఈ టేప్ ఎవరండీ? నేను పెట్టలేదు. పాత సర్వర్ మీద ఇదే కమాండ్ కొడితే రెండు చోట్లా పోస్ట్‌గ్రెస్ అనే వస్తుంది. డిస్కులో ఒక్క బైటు కూడా మారలేదు. మిషన్ మారింది, అంతే. అక్కడ పోస్ట్‌గ్రెస్ అయినవాడు ఇక్కడికొచ్చేసరికి సగం అనామకుడు, సగం టేప్ అయ్యాడు. మనం ఈ పూట మాట్లాడుకునేదంతా ఈ ఒక్క లైను గురించే.

మీరు గుడికి వెళ్తారు. బయట చెప్పుల స్టాండు ఉంటుంది. చెప్పులిస్తే ఆయన ఒక టోకెన్ చేతిలో పెడతాడు, అదే నంబరున్న అరలో చెప్పులు పెడతాడు. మీ పేరు అడిగాడా? అడగడు. తిరిగొచ్చి టోకెన్ ఇస్తే ఆ అరలో ఉన్నవి తీసి ఇస్తాడు. అవి మీవా ఇంకొకరివా అన్నది ఆయనకు పట్టదు. లినక్స్‌ని లోపలినుంచి నడిపించే కెర్నెల్ అచ్చం ఆ చెప్పుల స్టాండు ఆయనే. ప్రతి ఫైలుకూ ఐనోడ్ అని ఒక రికార్డు ఉంటుంది. అందులో ఓనర్ నంబరు ఒకటి, గ్రూపు నంబరు ఒకటి. అవే యూఐడీ, జీఐడీ. పేర్లు ఉండవు. నడుస్తున్న ప్రతి ప్రాసెస్ మెడలోనూ అలాంటి నంబరే వేలాడుతుంటుంది. ఈ నంబరూ ఆ నంబరూ ఒకటైతే తలుపు తెరుస్తాడు, లేకపోతే లేదు.

యూఐడీ అనగానే మనవాళ్లకి ఆధార్ గుర్తొస్తుంది. [నవ్వులు] ఆధార్ నంబరు ఒకసారి ఒకరికి ఇచ్చాక ఇంకొకరికి ఇవ్వరు. లినక్స్ యూఐడీకి అలాంటి హామీ ఏమీ లేదు. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో పని పడుతుంది.

మరి తెరమీద పేరు ఎక్కడినుంచి వస్తోంది? ఈటీసీ డైరెక్టరీలో పాస్‌వర్డ్ అని ఒక ఫైలు ఉంది. పేరు పాస్‌వర్డే గానీ అందులో ఇప్పుడు పాస్‌వర్డులేమీ ఉండవు, అవి షాడో ఫైలులోకి వెళ్లిపోయాయి. ఒక్కో యూజర్‌కి ఒక్కో లైను, మధ్య మధ్య కోలన్ పెట్టి ఏడు గళ్లు. మొదటిది పేరు, మూడోది యూఐడీ, నాలుగోది జీఐడీ. గ్రూపులకు వేరే ఫైలు ఉంది. ఎల్‌ఎస్ ఏం చేస్తుందంటే, ఐనోడ్‌లో 26 చూసి, ఈ రిజిస్టర్లు తిరగేసి, 26 ఎదురుగా ఏ పేరుంటే అది చదివి వినిపిస్తుంది. రెడ్‌హ్యాట్ రిజిస్టర్‌లో 26 అంటే పోస్ట్‌గ్రెస్. డెబియన్ యూజర్ల రిజిస్టర్‌లో 26 ఖాళీ. గ్రూపుల రిజిస్టర్‌లో మాత్రం 26 టేప్‌ది. వెనకటికి బ్యాకప్ టేప్ డ్రైవులు వాడేవాళ్ల కోసం పెట్టిన గ్రూపు అది. ఎల్‌ఎస్‌కి మైనస్ ఎన్ కూడా ఉంది. అది కొడితే పేర్ల జోలికి పోకుండా నంబర్లే చూపిస్తుంది. ఏదన్నా తేడాగా అనిపిస్తే నేను ముందు కొట్టేది మైనస్ ఎన్నే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ 26 ఎవరిచ్చారు? ఎప్పుడిచ్చారు?

మీ ఖాతాకి నంబరు మీరు ల్యాప్‌టాప్ సెటప్ చేసుకున్న రోజే వచ్చింది. చాలామందికి 1000. కానీ ఏ లినక్స్ మిషన్ తీసుకున్నా మనుషుల కంటే సర్వీసుల ఖాతాలే ఎక్కువ. వెబ్ సర్వర్‌కి ఒకటి, డేటాబేస్‌కి ఒకటి, మెయిల్‌కి ఒకటి. ఎందుకంటే వెబ్ సర్వర్‌లోకి ఎవడైనా చొరబడితే వాడి చేతికి ఆ ఒక్క గది తాళమే దొరకాలి, ఇల్లంతా కాదు. అందుకని ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఫైళ్లు దించడంతో పాటు ఒక కొత్త మనిషిని కూడా రిజిస్టర్‌లోకి ఎక్కిస్తున్నామన్నమాట. మనం మాత్రం వై నొక్కి టీకి వెళ్లిపోతాం.

నంబర్లు ఇచ్చే పద్ధతి ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. డెబియన్ వాళ్ల పాలసీ ప్రకారం 0 నుంచి 99 దాకా ప్రాజెక్టువాళ్లే పంచిపెట్టేశారు, ప్రపంచంలో ఏ డెబియన్‌లో చూసినా అవే. 100 నుంచి 999 దాకా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అక్కడికక్కడ ఇచ్చేవి. 1000 నుంచి 59999 దాకా మనుషులకి. 65534 నోబడీ, అంటే ఏ హక్కులూ లేని ఖాతా. రెడ్‌హ్యాట్ కుటుంబంలో 0 నుంచి 200 దాకా స్థిరమైనవి. 201 నుంచి 999 దాకా అప్పటికప్పుడు ఇచ్చేవి. వాళ్లు ఒకప్పుడు మనుషులకి 500 నుంచి ఇచ్చేవాళ్లు. ఫెడోరా 16 నుంచి, ఆర్‌హెచ్‌ఈఎల్ 7 నుంచి 1000కి మారారు. ఆ రోజుల్లో పాత డిస్కులు తెచ్చి కొత్త మిషన్లకి తగిలించినవాళ్లకి ఆ మార్పు ఎంత ముద్దుగా ఉండేదో నన్నడగండి.

మనకి బాగా తెలిసిన వెబ్ సర్వర్ సంగతే చూడండి. డెబియన్‌లో దాని పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, నంబరు 33. రెడ్‌హ్యాట్‌లో పేరు అపాచీ, నంబరు 48. స్లాక్‌వేర్‌లోనూ అపాచీయే, కానీ నంబరు 80. ఆర్చ్‌లో హెచ్‌టీటీపీ, నంబరు మళ్లీ 33. పని ఒకటే, పేర్లు మూడు, నంబర్లు మూడు.

గ్రూపుల దగ్గర ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మీలో ఆర్డుయినో తగిలించినవాళ్లున్నారా? పర్మిషన్ లేదని వస్తే డయల్‌అవుట్ గ్రూపులో చేరమని ఎవరో చెప్పి ఉంటారు. డెబియన్‌లో డయల్‌అవుట్ 20. రెడ్‌హ్యాట్‌లో అది 18, అక్కడ 20 అంటే గేమ్స్. మ్యాక్‌లో 20 అంటే స్టాఫ్, మామూలు యూజర్లందరూ ఉండే గ్రూపు. అందుకే మ్యాక్ ఫోల్డర్‌ని నంబర్లు మారకుండా డెబియన్ కంటైనర్‌లోకి, అంటే మిషన్ లోపలే విడిగా నడిచే చిన్న డెబియన్ పెట్టెలోకి, తెస్తే, ఫైళ్లన్నీ డయల్‌అవుట్ గ్రూపువని కనిపిస్తాయి. మా ఆఫీసులో ఒక కుర్రాడు సెక్యూరిటీ సమస్యేమోనని రెండు గంటలు తవ్వాడు పాపం. అక్కడ ఏమీ లేదు, అది ఇంకో ఊరి టోకెన్, అంతే.

ఇప్పుడు ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు లోపల ఏం నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఆర్‌పీఎమ్, అంటే రెడ్‌హ్యాట్ కుటుంబపు ప్యాకేజీలో ఫలానా ఫైలు ఫలానావాడిది అన్న సంగతి పేరుతో రాసి ఉంటుంది, నంబరుతో కాదు. అది మంచి పనే. కానీ ఆ పేరుగలవాడు ఫైళ్లు దిగేలోపే రిజిస్టర్‌లో ఉండాలి కదా? అందుకని ఫైళ్లు దిగకముందు నడిచే ప్రీ అనే స్క్రిప్టులో రెండు మూడు లైన్లు రాస్తారు. మొదట గెటెంట్‌తో అడుగుతుంది, ఈ గ్రూపు ఉందా అని. లేకపోతే గ్రూప్‌యాడ్ మైనస్ ఆర్. తర్వాత ఈ యూజర్ ఉన్నాడా అని. లేకపోతే యూజర్‌యాడ్ మైనస్ ఆర్, షెల్ నోలాగిన్. మైనస్ ఆర్ అంటే మనిషి కాదు, సిస్టమ్ ఖాతా అని. ఆ స్క్రిప్టు రాసినవాడు మరిచిపోతే ఏమవుతుంది? ఈ యూజర్ లేడు, రూట్ పేరున పెడుతున్నాను అని ఆర్‌పీఎమ్ ఒక హెచ్చరిక ఇస్తుంది. రూట్ అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతా. స్క్రీన్ మీద జర్రున పైకి పోయే వెయ్యి లైన్లలో అదొకటి. ఎవరు చూస్తారు? సర్వీసు స్టార్ట్ అవ్వక తల పట్టుకున్నప్పుడు వెనక్కి వెళ్లి చూస్తాం.

ముందు ఉన్నాడా అని అడగడం ఎందుకంటారా? ఆ ప్రశ్నలోనే మనకి దారుంది. ప్యాకేజీ కంటే ముందే మీరు ఆ పేరుతో మీకు నచ్చిన నంబరిచ్చి ఖాతా పెట్టేశారనుకోండి, స్క్రిప్టు వచ్చి చూసి, ఓహో ఉన్నాడు అనుకుని నోరు మూసుకుని పోతుంది. నంబరు మీ ఇష్టప్రకారమే ఉంటుంది. ఈ కిటుకు తెలిస్తే ఈ ప్రసంగంలో సగం తెలిసినట్టే.

డెబియన్‌లో వరస వేరు. ఫైళ్లు ముందు దిగుతాయి, తర్వాత పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు వచ్చి యాడ్‌యూజర్‌తో సిస్టమ్ ఖాతా తెరిచి, కావాల్సిన ఫోల్డర్లు వాడి పేరుకి మారుస్తుంది. ఇక్కడ చిన్న విషయం. డెబియన్ యాడ్‌యూజర్ 100 నుంచి పైకి లెక్కపెట్టి మొదట ఏది ఖాళీగా కనిపిస్తే అది ఇస్తుంది. రెడ్‌హ్యాట్ యూజర్‌యాడ్ 999 నుంచి కిందికి దిగుతుంది, 998, 997 అలా. ఎటునుంచి లెక్కపెట్టినా, మీరు ప్యాకేజీలు ఏ వరసలో ఇన్‌స్టాల్ చేశారన్న దాని మీదే నంబరు ఆధారపడుతుంది. నిన్న మెయిల్ సర్వర్ ముందు పెట్టి డేటాబేస్ తర్వాత పెట్టారు, ఇవాళ పక్క మిషన్‌లో తిరగేసి పెట్టారు. నంబర్లూ తిరగబడతాయి.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఎప్పుడో, ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు, ఒక ప్రైవేటు సంస్థలో పాత డెబియన్ సర్వర్ మదర్‌బోర్డు పోయింది. డిస్కులు బాగానే ఉన్నాయి. కొత్త సర్వర్‌లో అవే ప్యాకేజీలు వేసి, డేటా డిస్కు దానికి తగిలించాను. రాత్రి పదకొండున్నర. పోస్ట్‌గ్రెస్ స్టార్ట్ అవ్వలేదు. డేటా డైరెక్టరీ ఓనర్ సరిగ్గా లేడు అని మొహం మీదే చెప్పింది. చూస్తే డేటాబేస్ ఫైళ్లన్నీ పోస్ట్‌ఫిక్స్ పేరున ఉన్నాయి. డేటాబేస్ మెయిల్ సర్వర్‌ది ఎలా అయ్యింది? పాత మిషన్‌లో పోస్ట్‌గ్రెస్ 107, కొత్త మిషన్‌లో 107 పోస్ట్‌ఫిక్స్‌కి వచ్చింది. నేను వేసిన వరస మారింది, అంతే సంగతులు.

అసలు తప్పు అది కాదు. అది పది నిమిషాల పని. నేను ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్‌ని, ఫోల్డర్ లోపలున్నవన్నీ మార్చే మైనస్ పెద్ద ఆర్‌తో కొట్టి, పోస్ట్‌గ్రెస్ అని రాసి, దారి రాసేటప్పుడు వార్ లిబ్ తర్వాత ఒక స్పేస్ పడింది. ఒక్క స్పేస్. [నవ్వులు] నవ్వండి, నాకు ఆరోజు నవ్వు రాలేదు. ఒక దారి కాస్తా రెండు దార్లయింది. మొదటిది మొత్తం వార్ లిబ్. అందులో ఉన్న ప్రతి సర్వీసు సామానూ పోస్ట్‌గ్రెస్ పేరుకి మారిపోయింది. రెండో దారి లేదు అని ఎర్రర్ వచ్చేసరికి మొదటిదాని పని పూర్తయింది. ఏ ఫైలు అంతకుముందు ఎవరిదో, డెబియన్ ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీ రాసిపెట్టుకోదు, అడిగినా చెప్పదు. చివరికి అదే వెర్షన్ డెబియన్ నడుస్తున్న ఇంకో సర్వర్‌లో ఫైళ్లు వెతికే ఫైండ్ నడిపి, ప్రతి ఫైలుకూ ఓనర్ పేరు, గ్రూపు పేరు, దారి ఒక లిస్టుగా తీసి, దాన్ని పట్టుకుని ఇక్కడ ఒక్కొక్కటే సరిదిద్దాను. లిస్టులో పేర్లు తీశాను, నంబర్లు కాదు. ఆ మాత్రం తెలివి అప్పటికి వచ్చింది. తెల్లారి ఆరింటికి సర్వీసులన్నీ లేచాయి. నేను ఇంటికెళ్లి పడుకున్నాను.

అప్పటినుంచి నంబర్లు మార్చాల్సి వస్తే ఫైండ్‌తో మైనస్ యూఐడీ 107 అని, ఆ నంబరున్న ఫైళ్లనే వెతికి మారుస్తాను. డిస్కు దాటి పోకుండా ఎక్స్‌డెవ్ పెడతాను. రెండు సర్వీసుల నంబర్లు పరస్పరం మార్చాలంటే మధ్యలో ఎవరికీ చెందని మూడో నంబరు కావాలి. లేకపోతే మొదటి విడతలో 107 అంతా 112 అయిపోతుంది. రెండో విడతలో పాత 112 ఏది, కొత్త 112 ఏది అని తేల్చుకోలేం. రెండు గ్లాసుల్లో పాలూ నీళ్లూ అటూ ఇటూ మార్చాలంటే మూడో గ్లాసు కావాలి కదా, అలాగే. యూజర్‌మాడ్ మైనస్ యూ వాడితే అది హోమ్ డైరెక్టరీ, మెయిల్‌బాక్స్ మాత్రమే సరిచేస్తుంది. బయట ఉన్నవి మీరే చూసుకోవాలి.

ఈ గోలంతా పడలేమని మొదటే తేల్చుకున్నవాళ్లున్నారు. స్లాక్‌వేర్. 1993లో ప్యాట్రిక్ వోల్కర్‌డింగ్ మొదలుపెట్టిన డిస్ట్రో, ఇప్పటికీ బతికున్నవాటిలో అన్నిటికంటే పాతది. దానికి తోడు స్లాక్‌బిల్డ్స్ అని బయటి సాఫ్ట్‌వేర్‌ని కట్టుకునే స్క్రిప్టుల సేకరణ ఒకటుంది. వాళ్ల దగ్గర ఒక లిస్టు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌కి 209. క్లామ్‌ఏవీకి 210. టోర్‌కి 220. ఏ స్క్రిప్టుకి ఏ నంబరో ముందే రాసి పెట్టుకున్నారు, ఒకరిది ఒకరికి తగలకుండా.

అంతకంటే నాకు నచ్చింది ఆ స్క్రిప్టు మర్యాద. పోస్ట్‌గ్రెస్ స్క్రిప్టు నడపండి. మొదట పాస్‌వర్డ్ ఫైలులో పోస్ట్‌గ్రెస్ ఉన్నాడా అని చూస్తుంది. లేకపోతే తనే ఖాతా తెరవదు. ఈ స్క్రిప్టు నడవాలంటే పోస్ట్‌గ్రెస్ యూజర్, గ్రూపు ఉండాలి, ఇవిగో కమాండ్లు అని గ్రూప్‌యాడ్ మైనస్ జీ 209, యూజర్‌యాడ్ మైనస్ యూ 209 లైన్లు తెరమీద చూపించి ఆగిపోతుంది. మీరు చదవాలి, కొట్టాలి, మళ్లీ నడపాలి. వేరే నంబరు కావాలంటే అదీ మీ ఇష్టం. ఇంట్లోకి కొత్తమనిషి వస్తుంటే యజమానిని పిలిచి చెప్పే పద్ధతి అది. కొంతమందికి చాదస్తం. నా మటుకు నాకు, ఆ రాత్రి వార్ లిబ్ అనుభవం తర్వాత, అది చాదస్తంగా అనిపించలేదు.

లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ వాళ్ల బియాండ్ పుస్తకంలోనూ ఇలాంటి నంబర్ల పట్టిక ఉంటుంది, చేత్తో కట్టుకునేవాళ్లకి. జెంటూ వాళ్లు ఇంకో అడుగు వేసి, 2019లో ఖాతానే ఒక ప్యాకేజీగా చేశారు. యూజర్‌కి ఒక ప్యాకేజీ, గ్రూపుకి ఒక ప్యాకేజీ, వాటి మీద సాఫ్ట్‌వేర్ ఆధారపడుతుంది. బాగానే ఉంది.

సరే, ఇచ్చే సంగతి అయ్యింది. తీసేసే సంగతి? ప్యాకేజీ తొలగించాం. దానితో వచ్చిన ఖాతా ఇంకెందుకు, యూజర్‌డెల్ కొట్టేద్దాం అనిపిస్తుంది. ఇల్లు శుభ్రం చేసినట్టు హాయిగా ఉంటుంది. వద్దు.

మళ్లీ చెప్పుల స్టాండుకి రండి. మీరు చెప్పులు పెట్టి, టోకెన్ పారేసుకుని, విసుగొచ్చి వట్టి కాళ్లతో ఇంటికి పోయారు. ఆ టోకెన్ దొరికింది. ఆయన దాన్ని మళ్లీ డబ్బాలో వేసి, తర్వాత వచ్చినవాడికి ఇచ్చాడు. అరలో ఏమున్నాయి? మీ చెప్పులు. సరిగ్గా ఇదే. రెడ్‌హ్యాట్ మిషన్‌లో చివరగా వచ్చిన సర్వీసుకి 991 వచ్చింది అనుకుందాం. ప్యాకేజీ తీసేశారు, ఖాతా తీసేశారు. కానీ దాని బ్యాకప్ ఒకటి ఎక్కడో ఉండిపోయింది, అందులో ఏవో తాళాలు, పాస్‌వర్డులు. ఐనోడ్‌లో 991 అలాగే ఉంది. వచ్చే నెల ఇంకేదో ప్యాకేజీ వేశారు, దానికి మళ్లీ 991 దొరికింది. ఎవరూ చొరబడలేదు, ఎవరూ తప్పు చేయలేదు, పాతవాడి తాళాలు కొత్తవాడి జేబులో ఉన్నాయి. డెబియన్‌లో మధ్యలో ఖాళీ అయిన నంబరు కూడా వెంటనే వాడేస్తుంది కాబట్టి ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే ఫెడోరా ప్యాకేజింగ్ నియమాల్లో స్పష్టంగా రాశారు, ప్యాకేజీ తొలగించినా అది తెచ్చిన యూజర్‌ని, గ్రూపుని తొలగించొద్దని. ఒక లైను ఉండిపోతే పోయేదేం లేదు. అనాథ ఫైళ్లు ఏమున్నాయో చూడాలంటే ఫైండ్‌కి నోయూజర్, నోగ్రూప్ అనే ఆప్షన్లున్నాయి. ఇంటికెళ్లి మీ మిషన్ మీద కొట్టి చూడండి, ఒకటో రెండో ఆశ్చర్యాలు దొరుకుతాయి.

రూట్‌గా ఉండి, సోర్స్ కోడ్ మూటకట్టిన టార్ ఫైళ్లు విప్పే అలవాటున్నవాళ్లకి ఇంకో మాట. టార్ ముందు పేరు చూస్తుంది, ఆ పేరు మీ దగ్గర లేకపోతే నంబరు పెట్టేస్తుంది. ఎక్కడో ఎవరో 1000 నంబరుతో కట్టిన టార్ మీ దగ్గర విప్పితే, మీ మిషన్‌లో 1000 ఎవరిదైతే వాళ్లు ఆ సోర్స్‌ని మార్చగలరు. మీరేమో దాన్ని రూట్‌గా కంపైల్ చేస్తారు.

ఇప్పుడు అందరూ కంటైనర్లు వాడుతున్నారు కదా, ఈ బాధ పోయిందని కొందరి నమ్మకం. పోలేదు, వేషం మార్చుకుంది. కంటైనర్లు నడిపే డాకర్‌లో విడిగా యూజర్ నేమ్‌స్పేస్, అంటే లోపలికి వేరే నంబర్ల లెక్క, పెట్టకపోతే లోపలి నంబరూ బయటి నంబరూ ఒకటే. రిజిస్టర్లు మాత్రం రెండు. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్, అంటే కంటైనర్‌కి అచ్చు, డెబియన్ మీద కట్టింది వాడితే లోపల దాని యూఐడీ 999. డేటా ఫోల్డర్ బయట పెట్టారు. ఉబుంటు 20.04 మీద బయటనుంచి ఎల్‌ఎస్ కొడితే చాలా మిషన్లలో ఆ ఫోల్డర్ సిస్టమ్‌డీ-కోర్‌డంప్ అనేవాడిదని కనిపిస్తుంది. వాడికీ డేటాబేస్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆ మిషన్ రిజిస్టర్‌లో 999 వాడిది. ఇంకా ఉంది. ఇమేజ్ సైజు తగ్గుతుందని ఎవరో డెబియన్ ఇమేజ్ తీసేసి ఆల్పైన్ ఇమేజ్ పెడతారు. ఆల్పైన్‌లో అదే పోస్ట్‌గ్రెస్ 70. డేటా పక్కనే ఉన్నా, ఓనర్ నంబరు కలవదు.

నంబర్ల చివర్లలో కూడా గుంటలున్నాయి, రెండు మాటల్లో చెప్తాను. ఒకప్పుడు యూఐడీలు 16 బిట్లు, అంటే 65536 నంబర్లు. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్‌తో 32 బిట్లయ్యాయి. అందులో అన్నిటికంటే పెద్ద నంబరు మైనస్ ఒకటితో సమానం. సిస్టమ్ కాల్స్ భాషలో మైనస్ ఒకటి అంటే, మార్చొద్దు, ఉన్నట్టే ఉంచు అని. 2019లో సుడోలో, అంటే ఇంకొకరి పేరున కమాండ్లు నడపనిచ్చే ప్రోగ్రాంలో, బయటపడిన లోపం ఇదే. రూట్‌గా తప్ప ఎవరిగానైనా ఈ పని చేసుకో అని ఒకడికి అనుమతిచ్చారు. వాడు యూజర్ నంబరు మైనస్ ఒకటిగా కావాలన్నాడు. సుడో అప్పటికే రూట్‌గా ఉంది. మార్చొద్దు అన్న అర్థం తీసుకుని రూట్‌గానే ఉండిపోయింది! 1.8.28లో సరిచేశారు. దానికి ముందు ఏడాది, అనుమతులు చూసుకునే పోల్‌కిట్‌లో ఇలాంటిదే ఇంకోటి. 214 కోట్లు దాటిన యూఐడీ ఉన్నవాడు ఎవరైనా సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్లు ఇష్టారాజ్యంగా నడపగలిగేవాడు. నంబరు అంత పెద్దది ఎవరిస్తారులే అనుకున్నచోటే కాలు జారుతుంది.

మీ జేబుల్లో ఫోన్లున్నాయి కదా, సైలెంట్‌లోనే ఉన్నాయని ఆశిస్తున్నాను. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. ఒక ఫోన్‌కి ఒక మనిషే కదా, మరి యూజర్ నంబర్లతో ఏం పని? వాళ్లు ఆ నంబర్లని మనుషులకి కాకుండా యాప్‌లకి ఇచ్చేశారు. ప్లేస్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కగానే ఆ యాప్‌కి 10000కి పైన ఒక యూఐడీ వస్తుంది. షెల్‌లోకి వెళ్లి చూస్తే యూ0_ఏ57 అని కనిపిస్తే అది 10057 అన్నమాట. మీ బ్యాంకు యాప్ ఫైళ్లు మీ ఆటల యాప్ చదవలేకపోవడానికి అడుగున ఉన్న కాపలా ఇదే, యాభై ఏళ్ల నాటి యూనిక్స్ చిట్కా. ఇంటర్నెట్ వాడుకోవడానికి కూడా ఒక గ్రూపు ఉంది, జీఐడీ 3003. కాబట్టి ప్యాకేజీతో పాటు నంబరివ్వడం సర్వర్ గదివాళ్ల గొడవే అనుకోకండి. మీరూ రోజూ చేస్తున్నారు.

కొత్త పద్ధతులు కూడా వచ్చాయి. సిస్‌యూజర్స్ అని, ఫలానా యూజర్ కావాలి అని ప్యాకేజీలో ఒక చిన్న ఫైలు పెడితే చాలు, స్క్రిప్టు రాయక్కర్లేదు. ఆర్‌పీఎమ్ 4.19 నుంచి దాన్ని నేరుగా చదువుకుంటుంది. డైనమిక్ యూజర్ అని ఇంకోటి. సర్వీసు లేచినప్పుడు 61184 నుంచి 65519 మధ్య ఒక నంబరు ఇస్తారు, ఆగగానే వెనక్కి తీసుకుంటారు. సినిమా హాల్లో సీటు లాంటిది. మరి సీట్లో రుమాలు వదిలేస్తే? అందుకే దాని సామానంతా ఎవరూ చొరబడలేని ప్రైవేట్ ఫోల్డర్‌లో పెట్టి, మళ్లీ లేచినప్పుడు కొత్త నంబరు పేరుకి మార్చి ఇస్తారు. తెలివైన పనే. పెద్ద డేటాబేస్‌లకి మాత్రం నేను వాడను.

ఇంక ప్రశ్నలు అడగండి. ఆ గళ్ల చొక్కా తమ్ముడు.

“సార్, మా ల్యాబ్‌లో అరవై మిషన్లున్నాయి. హోమ్ ఫోల్డర్లు ఒకే సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఉన్నాయి. ఒక్కోసారి నా ఫైళ్లు నాకే తెరుచుకోవు.”

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి. దాని వెర్షన్ 3 అయితే తీగ మీద వెళ్లేది నంబరే, పేరు కాదు. ఒక మిషన్‌లో నువ్వు 1003, ఇంకోదాంట్లో 1007 అయితే అదే జరుగుతుంది. యూజర్లని ఎల్‌డ్యాప్ లాంటి ఉమ్మడి రిజిస్టర్‌లో ఒక్కచోట పెట్టమని మీ మాస్టారికి చెప్పు. అరవై మిషన్లలోనూ సర్వీసుల నంబర్లు కూడా కలవాలంటే, నేను ఇందాక చెప్పిన కిటుకే. ప్యాకేజీల కంటే ముందే ఖాతాలు మీరే తెరవండి, ఒకే నంబర్లతో. పనులు పంచిపెట్టే స్లర్మ్ లాంటివి పెట్టి, చాలా మిషన్లు కలిపి క్లస్టర్ కట్టేవాళ్లకి ఇది తప్పనిసరి, నంబర్లు కలవకపోతే అది ముందుకు కదలదు. ఒక కాగితం మీద పేరు, నంబరు రాసుకుని గోడకి అంటించుకున్నా సరే, నేను ఎగతాళి చెయ్యను. మాకూ ఉండేది.

ఇంకెవరు? అమ్మా, మీరు.

“సార్, మరి ఆ డిస్కు సంగతి? ఆ 26ని ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్‌కి మార్చి చూపిస్తారా?”

చూపించొచ్చమ్మా, ఒక్క లైను. నా ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ నంబరు చూస్తాను, ఉండండి… ఇదిగో, 117. మార్చేస్తే ఇక్కడ అందంగా పోస్ట్‌గ్రెస్ అని కనిపిస్తుంది, మీరందరూ చప్పట్లు కొడతారు. కానీ ఈ డిస్కు రేపు ఉదయం మళ్లీ సెంటోస్ సర్వర్‌కే వెళ్లాలి. అక్కడ పోస్ట్‌గ్రెస్ 26. నేను 117 చేసి పంపితే అక్కడివాళ్లు నాకు ఫోన్ చేస్తారు, రాత్రి పదకొండున్నరకి. [నవ్వులు] అన్‌మౌంట్ చేస్తున్నాను చూడండి.